2004లో పుట్టిన అమ్మాయిలకు దక్కని ప్రపంచకప్

అండర్‌-17 మహిళల ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌ 2008లో న్యూజిలాండ్‌లో మొదలైంది. 2025లో మొరాకోలో జరిగింది తొమ్మిదోది. ఇన్నేళ్లలో ఎన్నో దేశాల అమ్మాయిలు వందల సంఖ్యలో ఈ టోర్నీ ఆడారు. వాళ్లలో 2004లో పుట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. బ్రెజిల్‌ జట్టులో లేరు, జపాన్‌ జట్టులో లేరు, మన జట్టులోనూ లేరు. ఆ ఏడాది పుట్టిన అమ్మాయి ఎంత బాగా ఆడినా, ఏ దేశంలో పుట్టినా ఈ కప్పులో అడుగు పెట్టే దారే లేకపోయింది.

ఈ ఒక్క విషయం అర్థమైతే టోర్నీలోని చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి. అందుకే ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అండర్‌-17 అంటే పదిహేడేళ్లు నిండని పిల్లలని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క వేరు. టోర్నీ జరిగే ఏడాదిలో ఆ అమ్మాయికి 15, 16, 17 ఏళ్లలో ఏదో ఒకటి నిండాలి. నెల, రోజు పట్టించుకోరు, పుట్టిన సంవత్సరమే చూస్తారు. 2022 టోర్నీకి 2005 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 31 మధ్య పుట్టినవాళ్లు అర్హులు. అంతకుముందు 2018లో ఉరుగ్వేలో జరిగిన టోర్నీకి 2001, 2002, 2003లలో పుట్టినవాళ్లు అర్హులు. ఈ రెంటి మధ్య మిగిలిపోయిన ఏడాది 2004. వాళ్ల కోసం ఒక టోర్నీ ఉండాల్సింది. అది 2020లో, మన దేశంలోనే జరగాల్సింది. జరగలేదు.

2019 మార్చిలో ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా ఆ టోర్నీని ఇండియాకు ఇచ్చింది. భువనేశ్వర్‌, కోల్‌కతా, గువాహటి, అహ్మదాబాద్‌, నవీ ముంబయి అని ఐదు వేదికలు కూడా ఖరారయ్యాయి. కొవిడ్‌ రావడంతో ముందు 2021 ఫిబ్రవరికి వాయిదా వేశారు. 2020 నవంబరులో పూర్తిగా రద్దు చేసి, దాని బదులు 2022 టోర్నీని మనకిచ్చారు. ఆతిథ్యం చేజారలేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పేపర్లలో కూడా అలాగే వచ్చింది. కానీ పోయింది వేరే. 2003, 2004లలో పుట్టిన మన అమ్మాయిలు ఆ ప్రపంచకప్‌ను దృష్టిలో పెట్టుకుని క్యాంపుల్లో ఉండి, ఇళ్లు వదిలి, చదువు సర్దుకుని తయారయ్యారు. 2022 వచ్చేసరికి వాళ్ల వయసు దాటిపోయింది. స్టేడియం మిగిలింది, ఫెడరేషన్‌కు టోర్నీ మిగిలింది, ఆ పిల్లలకు ఏమీ మిగల్లేదు. సీనియర్‌ ఆటగాళ్లకు ఒక ప్రపంచకప్‌ తప్పిపోతే నాలుగేళ్ల తర్వాత ఇంకోటి ఉంటుంది. పదిహేడేళ్ల అమ్మాయికి ఆ ఇంకోటి ఉండదు.

సరి సంవత్సరం, బేసి సంవత్సరం

కొవిడ్‌ లేకపోయినా ఈ లెక్కలో ఒక అన్యాయం ముందు నుంచీ ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2008 నుంచి 2024 వరకు టోర్నీ రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లోనే జరిగింది. దీనివల్ల ఏమైందో రెండు ఉదాహరణలు చూడండి. 2001లో పుట్టిన అమ్మాయికి 2016లో 15 ఏళ్లు, 2018లో 17 ఏళ్లు. ఆమెకు రెండు అవకాశాలు, పైగా రెండోది ఒంట్లో బలం, ఆటలో అనుభవం వచ్చిన వయసులో. 2002లో పుట్టిన అమ్మాయికి 2016లో 14 ఏళ్లే, కుదరదు. 2018లో 16, ఆడొచ్చు. 2020 నాటికి 18, ఇక లేదు. అంటే ఒకే ఒక్క అవకాశం. అదీ తనకంటే ఏడాది పెద్దవాళ్లతో పోటీపడి చోటు సంపాదించుకుంటేనే.

బేసి సంవత్సరంలో పుట్టినవాళ్లకు రెండు తలుపులు, సరి సంవత్సరంలో పుట్టినవాళ్లకు ఒకటి. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేలా ఆడేవాళ్లయినా ఏడాది తేడాతో పుట్టినందుకు ఒకరికి దక్కింది ఇంకొకరికి దక్కకుండా పోవచ్చు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఒకే జట్టులో జనవరిలో పుట్టిన పదిహేడేళ్ల అమ్మాయి, డిసెంబరులో పుట్టిన పదిహేనేళ్ల అమ్మాయి పక్కపక్కన ఆడతారు. వాళ్ల మధ్య మూడేళ్లకు కాస్త తక్కువ తేడా ఉంటుంది. ముప్ఫై ఏళ్ల వయసులో మూడేళ్లంటే ఏమీ కాదు. పదిహేనేళ్లప్పుడు మూడేళ్లంటే ఎత్తు, బరువు, వేగం, ధైర్యం అన్నీ మారిపోతాయి. జట్టును ఎంపిక చేసే కోచ్‌ కంటికి ముందుగా కనిపించేది పెద్ద పిల్లే. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపిక కావడం అబ్బాయిల ఫుట్‌బాల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మాయిల్లో అంత ఎక్కువ కాకపోయినా ఉంది.

వయసును పట్టుకోవడం కూడా తేలిక కాదు. అబ్బాయిల అండర్‌-17 ప్రపంచకప్‌లో 2009 నుంచి మణికట్టుకు ఎమ్మారై స్కాన్‌ తీసి, ఎముక చివర్లు కలిసిపోయాయో లేదో చూస్తున్నారు. పూర్తిగా కలిసిపోతే పదిహేడు దాటినట్టే లెక్క. అమ్మాయిల ఎముకలు ఇంకా చిన్న వయసులోనే కలుస్తాయి కాబట్టి అదే కొలతను వాళ్లకు పెట్టలేం. ఇక్కడ జనన ధ్రువపత్రం మీదే ఎక్కువ భారం పడుతుంది. ఇంట్లో ప్రసవాలు జరిగే ఊళ్లలో, స్కూల్లో చేర్పించేటప్పుడు టీచరుగారు రాసుకున్న తేదీయే పుట్టినరోజుగా మారిపోయే చోట, ఆ కాగితం ఒక అమ్మాయి ఆటను నిలబెట్టగలదు, ఆపేయగలదు కూడా. మన పల్లెల్లో ఈ సమస్య తెలియని కుటుంబం ఉండదు.

పదకొండు రోజుల నిషేధం

2022కి వద్దాం. ఆ ఏడాది ఆగస్టు 15న ఫిఫా మన ఫుట్‌బాల్‌ సమాఖ్యను సస్పెండ్‌ చేసింది. అక్టోబరులో జరగాల్సిన అమ్మాయిల ప్రపంచకప్‌ ఇక్కడ ఉంటుందా అన్నదే ప్రశ్న అయిపోయింది. కారణం ఆటలో లేదు, ఆఫీసులో ఉంది.

దేశాల ఫుట్‌బాల్‌ సమాఖ్యలు తమ వ్యవహారాలు తామే చూసుకోవాలి, ప్రభుత్వమైనా కోర్టయినా మూడో వ్యక్తి చేయి పెట్టకూడదు అన్నది ఫిఫా నియమం. మన దగ్గర సమాఖ్య అధ్యక్షుడి పదవీకాలం 2020 డిసెంబరులోనే ముగిసింది. ఎన్నికలు జరగలేదు. చివరికి 2022 మే 18న సుప్రీంకోర్టు పాత కార్యవర్గాన్ని తప్పించి, ముగ్గురు సభ్యులతో పాలకుల కమిటీ వేసింది. మన చట్టం దృష్టిలో అది సంస్కరణ. ఫిఫా దృష్టిలో అది మూడో వ్యక్తి జోక్యం. రెండు వైపులా తమ తమ కాగితాల ప్రకారం సరిగ్గానే మాట్లాడారు, మధ్యలో నలిగింది ఆడేవాళ్లు. గోకులం కేరళ మహిళల జట్టు అప్పటికే ఆసియా క్లబ్‌ టోర్నీ కోసం తాష్కెంట్‌ చేరుకుంది. దేశ సమాఖ్య సస్పెండైతే ఆ దేశపు క్లబ్బులూ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడకూడదు. అక్కడిదాకా వెళ్లి, ఒక్క మ్యాచ్‌ కూడా ఆడకుండా తిరిగొచ్చారు.

ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆ కమిటీ అధికారాలను ముగించింది. 26న ఫిఫా నిషేధం ఎత్తేసింది. సెప్టెంబరు 2న సమాఖ్యకు ఎన్నికలు జరిగాయి. నిషేధం తొలగిన రోజుకీ ప్రపంచకప్‌ మొదటి మ్యాచ్‌కీ మధ్య 46 రోజులే. ఆ వయసు పిల్లలు పరీక్షల టెన్షన్‌ పడాల్సిన సమయంలో, తమ టోర్నీ ఉంటుందా ఊడుతుందా అన్న టెన్షన్‌ పడ్డారు.

అంతకంటే బాధాకరమైనది దానికి ముందే జరిగింది. జట్టు యూరప్‌ పర్యటనలో ఉన్నప్పుడు సహాయ కోచ్‌ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చింది, అతన్ని వెనక్కి పంపి పదవి నుంచి తొలగించారు. నిషేధం గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా దీని గురించి జరగలేదు. అమ్మాయిని ఊరు దాటించి క్యాంపుకు పంపడానికి తల్లిదండ్రులు ఎందుకు జంకుతారో తెలిసినవాళ్లకు, ఈ రెంటిలో దేని దెబ్బ ఎక్కువకాలం ఉంటుందో కూడా తెలుసు.

ఎనిమిది గోల్స్‌ ఏం చెబుతాయి

టోర్నీ అక్టోబరు 11 నుంచి 30 వరకు భువనేశ్వర్‌, గోవాలోని మడ్‌గావ్‌, నవీ ముంబయిలలో జరిగింది. రిఫరీ నిర్ణయాలను వీడియో చూసి సరిచూసే పద్ధతిని మన గడ్డ మీద మొదటిసారి వాడింది ఈ టోర్నీలోనే. అంత పెద్ద సాంకేతికత మన దేశానికి అమ్మాయిల ఆటతో వచ్చిందని ఎంతమందికి గుర్తుందో.

మన జట్టు మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో ఆడింది. అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్‌ చేతిలో 5-0. మొత్తం పదహారు గోల్స్‌ ఇచ్చారు, ఒక్కటీ కొట్టలేదు. ఆ రోజుల్లో ఈ అంకెల మీద వచ్చిన వెటకారం నాకింకా గుర్తుంది. అందుకే ఈ అంకెలను సరిగ్గా చదవాలంటాను.

మొదట, మన జట్టు అక్కడ ఎలా ఉంది? ఆతిథ్య దేశానికి అర్హత పోటీలు లేకుండానే చోటు దొరుకుతుంది. అప్పట్లో పదహారు జట్ల టోర్నీ. ఆసియా మొత్తానికి మూడు స్థానాలు, వాటిలో ఒకటి ఆతిథ్య దేశంగా మనది. మిగిలినవి జపాన్‌, చైనాలకు వెళ్లాయి. కొవిడ్‌ వల్ల 2022 ఆసియా అర్హత టోర్నీ జరగలేదు కాబట్టి 2019 ఫలితాలను బట్టి ఆ జట్లను పంపారు. ఇక్కడా మళ్లీ వయసు లెక్కే. 2019లో కష్టపడి చోటు సంపాదించిన అమ్మాయిల్లో చాలామంది 2022 నాటికి అర్హత దాటిపోయారు. చోటు దేశానికి దక్కింది, ఆడింది వాళ్ల చెల్లెళ్ల బ్యాచ్‌.

రెండోది, ఎదురుగా ఉన్నది ఎవరు? అమెరికాలో ఆడపిల్లలు ఆరేడేళ్ల వయసు నుంచే క్లబ్బుల్లో చేరి, ఏడాది పొడుగునా లీగ్‌ మ్యాచ్‌లు ఆడతారు. పదిహేడేళ్లకు వాళ్ల వెనక పదేళ్ల మ్యాచ్‌లుంటాయి. మన జట్టులో చాలామందికి అసలు ఆట మొదలైందే పది పన్నెండేళ్లు దాటాక. కెప్టెన్‌ అస్తమ్‌ ఉరాఁవ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో ఒక చిన్న పల్లె. ఆమె ప్రపంచకప్‌ ఆడుతోందని ప్రభుత్వం వాళ్లింటికి రోడ్డు వేయించింది. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలీలుగా పనిచేశారు. కోచ్‌ థామస్‌ డెనర్‌బీ అంతకుముందు స్వీడన్‌ సీనియర్‌ జట్టును 2011 ప్రపంచకప్‌లో మూడో స్థానానికి తీసుకెళ్లినవాడు. కోచ్‌ మంచివాడైనంత మాత్రాన కొన్ని నెలల క్యాంపు పదేళ్ల లీగ్‌ను పూడ్చలేదు. క్యాంపులో ఫిట్‌నెస్‌ వస్తుంది, పొజిషన్లు అర్థమవుతాయి. బంతి కాలికి రాకముందే ఎటు పంపాలో తెలిసే గుణం మాత్రం వందల మ్యాచ్‌ల తర్వాతే వస్తుంది.

మూడోది, మనల్ని ఎనిమిది గోల్స్‌తో ఓడించిన అమెరికా ఆ టోర్నీలో ఏమైంది? క్వార్టర్‌ ఫైనల్లో నైజీరియా చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడి ఇంటికెళ్లింది. సీనియర్‌ ప్రపంచకప్‌ను నాలుగుసార్లు గెలిచిన ఆ దేశం అండర్‌-17 కప్పును ఒక్కసారీ గెలవలేదు. 2008లో ఫైనల్‌ చేరడమే వాళ్లకు అత్యుత్తమం. కాబట్టి ఈ వయసు స్కోర్లను పట్టుకుని ఒక దేశపు ఫుట్‌బాల్‌ భవిష్యత్తు తేల్చేయడం తప్పు. మనల్ని 3-0తో ఓడించిన మొరాకోకు అది తొలి అండర్‌-17 ప్రపంచకప్‌. ఆ మొరాకో కథ తర్వాత చెప్తాను.

ఉత్తర కొరియా చిక్కు

ఈ టోర్నీని గమనించేవాళ్లను ఎక్కువగా అయోమయంలో పడేసేది ఉత్తర కొరియా. 2008, 2016, 2024, 2025లలో నాలుగుసార్లు కప్పు గెలిచింది. ఇంకే దేశమూ దరిదాపుల్లో లేదు. స్పెయిన్‌ రెండుసార్లు (2018, 2022), దక్షిణ కొరియా (2010), ఫ్రాన్స్‌ (2012), జపాన్‌ (2014) ఒక్కోసారి. 2024లో ఉత్తర కొరియా అండర్‌-20 ప్రపంచకప్‌ కూడా గెలిచింది, రెండు నెలలు తిరక్కుండానే రెండు కప్పులు. మరి సీనియర్‌ మహిళల ప్రపంచకప్‌లో ఈ జట్టు ఎక్కడ?

ముందు పిల్లల జట్టు ఎందుకు అంత బలంగా ఉందో చూద్దాం. ప్యాంగ్యాంగ్‌లో 2013లో అంతర్జాతీయ ఫుట్‌బాల్‌ స్కూలు పెట్టారు. ఎంపిక చేసిన పిల్లలు అక్కడే ఉండి చదువుతూ ఆడతారు. మిగతా దేశాల్లో జాతీయ జట్టు అంటే వేర్వేరు క్లబ్బుల నుంచి కొన్ని వారాలకు వచ్చి కలిసే పిల్లలు. అక్కడ జట్టు అంటే ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే కోచింగ్‌ కింద పెరిగిన పిల్లలు. ఎవరు ఎటు పరిగెడతారో చూడకుండానే తెలుస్తుంది. పదహారేళ్ల వయసులో ఈ ఒద్దిక చాలా గొప్ప ఆయుధం, ఎందుకంటే అవతలి జట్లలో ఇంకా ఎవరికీ అది రాలేదు. 2025 ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించిన తీరులో కనిపించింది ఇదే.

సీనియర్‌ స్థాయిలో మాత్రం ఒక్కోసారి ఒక్కో కారణం. 2011 ప్రపంచకప్‌లో ఐదుగురు ఆటగాళ్లు డోపింగ్‌ పరీక్షలో దొరకడంతో ఆ దేశాన్ని 2015 ప్రపంచకప్‌కు దూరం పెట్టారు. 2019కి వెళ్లే దారిలో, సొంత ప్యాంగ్యాంగ్‌లో జరిగిన ఆసియా అర్హత పోటీల్లో దక్షిణ కొరియా కంటే గోల్స్‌ తేడాలో వెనకబడ్డారు. కొవిడ్‌ కాలంలో దేశం తలుపులు మూసేసుకుని అంతర్జాతీయ పోటీలకే దూరమైంది, 2023 కూడా పోయింది. 2022 అండర్‌-17 టోర్నీలో వాళ్లు లేకపోవడం కూడా అందుకే. ఇంకో సంగతి, అక్కడి అమ్మాయిలకు ఇరవై ఏళ్ల తర్వాత యూరప్‌ క్లబ్బుల్లో వారం వారం ఆడే దారి దాదాపు లేదు. ఆ దారి ఉన్న స్పెయిన్‌ అమ్మాయిలు ఏమయ్యారో చూస్తే తేడా తెలుస్తుంది.

2014లో జపాన్‌ చేతిలో ఫైనల్‌ ఓడిన స్పెయిన్‌ అండర్‌-17 జట్టులో ఐతానా బొన్మాతి ఉంది. తర్వాత ఆమె 2023లో సీనియర్‌ ప్రపంచకప్‌ గెలిచింది, 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణికిచ్చే బాలన్‌ డోర్‌ అందుకుంది. సల్మా పారల్యుయెలో 2018లో అండర్‌-17, 2022లో అండర్‌-20, 2023లో సీనియర్‌, మూడు ప్రపంచకప్‌లూ గెలిచింది. మధ్యలో 2021లో మోకాలిలోని ఏసీఎల్‌ అనే లిగమెంట్‌ తెగి నెలల తరబడి ఆటకు దూరమైంది కూడా. ఆ గాయం ముప్పు అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ, అదీ సరిగ్గా ఈ ఎదిగే వయసులోనే మొదలవుతుంది. 2022లో మన నవీ ముంబయిలో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్‌ బాల్‌ అందుకున్న వికీ లోపెస్‌ ఇప్పుడు బార్సిలోనా ఆటగత్తె. ఈ ముగ్గురూ కప్పు వల్ల గొప్పవాళ్లు కాలేదు. కప్పు అయిపోయిన మర్నాడు వెళ్లి ఆడటానికి వాళ్లకొక క్లబ్బు ఉంది.

ఇక్కడ ఒక నియమం చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్బుకు బదిలీ చేయడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా ఒప్పుకోదు. పిల్లల్ని ఆశపెట్టి తీసుకెళ్లి మధ్యలో వదిలేయకుండా పెట్టిన నియమం అది. కొలంబియా అమ్మాయి లిండా కైసెడో 2022లో ఒకే ఏడాది దక్షిణ అమెరికా దేశాల కప్పయిన కోపా అమెరికా ఫైనల్‌, అండర్‌-20 ప్రపంచకప్‌, మన దేశంలో అండర్‌-17 ప్రపంచకప్‌ ఫైనల్‌ ఆడింది. ప్రపంచమంతా ఆమెను చూసింది. అయినా రియల్‌ మాడ్రిడ్‌ ఆమెను తీసుకున్నది 2023 ఫిబ్రవరిలో, పద్దెనిమిది నిండాకే. అంటే అండర్‌-17 ప్రపంచకప్‌ ఒక రకంగా పెళ్లిచూపుల్లాంటిది. చూసి వెళతారు, తీసుకెళ్లడానికి మాత్రం ఆగాలి. ఆ ఆగే ఏడాది రెండేళ్లలో సొంత దేశంలో లీగ్‌ ఉంటే అమ్మాయి నిలబడుతుంది, లేకపోతే ఆట జారిపోతుంది.

మొరాకో ఏం చేసింది

ఇప్పుడు మొరాకో. 2022లో భువనేశ్వర్‌లో తొలిసారి కనిపించిన ఆ జట్టు దేశం, 2025 నుంచి 2029 దాకా వరసగా ఐదు టోర్నీలకు ఆతిథ్యం తీసుకుంది. ఫిఫా 2025 నుంచి రెండు మార్పులు చేసింది. టోర్నీ ఏటా జరుగుతుంది, జట్లు పదహారు నుంచి ఇరవై నాలుగయ్యాయి.

జట్లు పెరగడం గురించి చాలా వాదనలున్నాయి. నాణ్యత తగ్గుతుంది, ఏకపక్ష స్కోర్లు పెరుగుతాయి అంటారు. అందులో నిజముంది. కానీ ఏటా జరగడం అన్నది నా దృష్టిలో ఈ టోర్నీ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మార్పు, ఎందుకంటే సరి-బేసి అన్యాయం దాంతో పోయింది. ఏ ఏడాది పుట్టిన అమ్మాయికైనా 15, 16, 17 ఏళ్లప్పుడు మూడు తలుపులు. ఒక ఏడాది టైఫాయిడ్‌ వచ్చినా, పదో తరగతి పరీక్షలు అడ్డొచ్చినా, మోకాలు బెణికినా వచ్చే ఏడాది ఉంటుంది. 2004 బ్యాచ్‌లాగా ఒక ఈడు పిల్లలు మొత్తం తుడిచిపెట్టుకుపోవడం ఇక తేలిక కాదు.

వేసవి సెలవులన్నీ క్యాంపుల్లో గడిచే భారం కూడా దీంతోపాటు పెరుగుతుంది. దాన్ని కాదనలేను.

ఆసియాకు ఇప్పుడు నాలుగు స్థానాలు. వాటికి దారి అండర్‌-17 ఆసియా కప్‌. జపాన్‌, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, చైనా ఉన్న ఖండంలో నాలుగంటే చెప్పడానికి నాలుగే గానీ, కొత్తవాళ్లకు దొరికేది ఎంతో మీరే ఊహించండి. 2025 ప్రపంచకప్‌కు ఆసియా నుంచి వెళ్లింది సరిగ్గా ఈ నలుగురే.

అందుకే 2025 అక్టోబరు 17న కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్‌లో జరిగింది నాకు 8-0 కంటే పెద్ద వార్త. అర్హత పోటీల్లో ఉజ్బెకిస్థాన్‌తో మ్యాచ్‌. మనవాళ్లు ముందు ఒక గోల్‌ ఇచ్చి వెనకబడ్డారు, తర్వాత రెండు కొట్టి 2-1తో గెలిచి అండర్‌-17 ఆసియా కప్‌కు వెళ్లారు. ఇంతకుముందు మనం ఆ టోర్నీలో ఆడింది 2005లో, అదీ అర్హత పోటీ గెలిచి కాదు. అంటే ఇరవై ఏళ్ల తర్వాత, మొదటిసారి మైదానంలో గెలిచి సంపాదించిన చోటు. అంతకు రెండు నెలల ముందు మన అండర్‌-20 అమ్మాయిలు యాంగూన్‌లో మయన్మార్‌ను 1-0తో ఓడించి తమ ఆసియా కప్‌కు అర్హత సాధించారు. సీనియర్లు జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు వెళ్లారు. మూడు వయసుల జట్లూ ఒకే ఏడాదిలో సొంతంగా అర్హత సాధించాయి. 2022లో ఇచ్చిన చోటుకీ 2025లో గెలిచిన చోటుకీ ఉన్న తేడాను మన పేపర్లు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఆ సీనియర్‌ జట్టులో మన తెలుగు నేల అమ్మాయి గుగులోత్‌ సౌమ్య ఉంది. నిజామాబాద్‌ జిల్లా తండా నుంచి వచ్చింది. 2001లో పుట్టింది కాబట్టి సరి-బేసి లెక్కలో ఆమెకు 2016, 2018 రెండు అండర్‌-17 ప్రపంచకప్‌లు దక్కాల్సిన వయసు. లెక్క ఆమె వైపే ఉంది. దేశం అర్హత సాధించలేదు, అంతే. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌ క్లబ్బుకు వెళ్లింది, తర్వాత ఈస్ట్‌ బెంగాల్‌తో ఇండియన్‌ విమెన్స్‌ లీగ్‌ గెలిచి 2024-25 దేశపు ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. పిల్లల ప్రపంచకప్‌ ఆడకపోయినా ఆమె ఇక్కడిదాకా వచ్చింది. అయితే ఆమె వెనక, అదే వయసులో, అదే తండాల్లో, ఆ ఒక్క టోర్నీ దొరికి ఉంటే ఆటలో ఉండిపోయేవాళ్లు ఎంతమందో అన్న ఆలోచన నన్ను వదలదు.

చివరిగా ఒక గోల్‌ గురించి చెప్పాలి. 2022 అక్టోబరు 30, నవీ ముంబయి డీవై పాటిల్‌ స్టేడియం. స్పెయిన్‌, కొలంబియా ఫైనల్‌. కొలంబియా అబ్బాయిలైనా అమ్మాయిలైనా ఒక ఫిఫా టోర్నీ ఫైనల్‌ చేరడం అదే మొదటిసారి. 82వ నిమిషం దాకా గోల్‌ లేదు. అప్పుడు స్పెయిన్‌ దాడిని ఆపబోయిన కొలంబియా డిఫెండర్‌ ఆనా మరియా గుస్‌మాన్‌ను తాకి బంతి సొంత గోల్‌లోకే వెళ్లిపోయింది. 1-0తో కప్పు పోయింది. ఆమెకు అప్పుడు పదిహేడేళ్లు.

2023 ఆగస్టు 8, మెల్‌బోర్న్‌. సీనియర్‌ ప్రపంచకప్‌ ప్రీక్వార్టర్స్‌. కొలంబియా ఎదురుగా అప్పటిదాకా ఆ టోర్నీలో ఒక్క గోల్‌ కూడా ఇవ్వని జమైకా. కొలంబియా తరఫున ఎప్పుడూ ఎడమవైపు డిఫెండర్‌గా ఆడే అమ్మాయి సస్పెన్షన్‌లో ఉండటంతో గుస్‌మాన్‌ను దింపారు. 51వ నిమిషంలో ఎడమవైపు నుంచి ఆమె పొడవుగా ఒక క్రాస్‌ వేసింది. అవతలి వైపున్న కెప్టెన్‌ కాతలీనా ఉస్మె దాన్ని కాలితో అందుకుని గోల్‌లోకి కొట్టింది. కొలంబియా మొదటిసారి ప్రపంచకప్‌ క్వార్టర్‌ ఫైనల్‌ చేరింది.